ఎదుటివైపు

"అమ్మా, నాన్న చాప మీద కూర్చో. ఇవాళ్టి నుంచి పాఠం నువ్వే చెప్పాలి," అంది ఎస్తేరు, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుంటూ.

తండ్రి ఏసోబును మట్టి చేసి వారం కాలేదు. ఆగిరిపల్లి బడి దూరమని, మామిడితోట కాపలా పాకలోనే రోజూ పొద్దున్నే బైబిలు తెరిచి, ఆడపిల్లలిద్దరికీ చదువు చెప్పింది ఆయనే. సువార్తమ్మ ఎదురుగా కూర్చుని, ఆ చదువుతో తనకేం పనిలేనట్టు బియ్యం ఏరుకునేది.

ఇప్పుడామె భర్త చాప మీద కూర్చుని పుస్తకం తెరిచింది. వేలు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

"ఇవేవో వేరే అక్షరాల్లా ఉన్నాయే."

"పోనీలే అమ్మా, నేను చదువుతా."

సువార్తమ్మ లేచింది. పుస్తకాన్ని కదపకుండా, ఎదురుగా తన పాత చోటికెళ్లి కూర్చుంది. అక్కణ్ణుంచి వేలు పెట్టి, కూడబలుక్కుంటూ కీర్తన చదవసాగింది.

ఎస్తేరు నిర్ఘాంతపోయింది. "అమ్మా! తలకిందులుగా చదువుతున్నావేంటి? ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మీ నాన్న మీకు చెబుతుంటే ఇటునుంచి చూసేదాన్ని. బాగా వచ్చాక ఒకరోజు చదివి వినిపిద్దామనుకున్నా."

ఎస్తేరు పుస్తకం మీద చెయ్యి వేసింది. "పుస్తకం నీవైపు తిప్పుకోమ్మా."

"వద్దే," అంది సువార్తమ్మ, ఖాళీ చాప వంక చూస్తూ. "ఆయన వైపే ఉండనీ."