చెత్తబుట్ట పక్కన బాలమణి

పొయ్యి మీద నూనె అంటుకుంది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న పనిమనిషి బాలమణికి తలుపు తెరుచుకోలేదు.

"అమ్మా, తలుపు తియ్యుండ్రి! ఊపిరాడ్తలేదు!"

ఇవతల ఇంటావిడ హిమజ తలుపు బాదుతోంది. ఇప్పుడు ప్రతి ఇల్లూ ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టే. తలుపులు, కుళాయిలు, మనుషులు అన్నీ అందులో మాడ్యూళ్ళే, ఒక్కోదాన్నీ ఒక్కో విభాగంలో నమోదు చెయ్యాలి. మంటలొస్తే ఇల్లు మనుషులకు దారి ఇస్తుంది. సామాను మాత్రమే ఉన్న గదిని మూసేస్తుంది.

హిమజ భర్త భార్గవ్ గోడమీది తెరలో వెతికాడు. కుటుంబ విభాగంలో బాలమణి లేదు. అతిథుల్లోనూ లేదు.

"ఎక్కడ పెట్టావే ఆమెని?"

కేకలు విని పక్కింటివాళ్ళు లోపలికి వచ్చేశారు. హిమజ వాళ్ళ వైపు చూడకుండా చెప్పింది.

"చెత్తలో. బుట్ట, చీపురు పక్కన. మన ఫిల్టర్ నీళ్ళు, సోఫా గది ఆమెకి తెరుచుకోకూడదని..."

భార్గవ్ ఆ మాడ్యూల్‌ని లాగి కుటుంబంలో పడేశాడు. తలుపు తెరుచుకుంది. బాలమణి దగ్గుతూ బయటపడింది. పక్కింటాయన తడిదుప్పటితో మంట ఆర్పాడు. అప్పుడే ఇల్లు ఎప్పటి తియ్యటి గొంతుతో ప్రకటించింది.

"బాలమణిని చెత్త విభాగం నుంచి తీసి కుటుంబంలో చేర్చాం."

హిమజ గబగబా హాల్లోని ఫిల్టర్ దగ్గర గ్లాసు నింపి తెచ్చింది.

బాలమణి దాన్ని అందుకోలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వద్దమ్మా, కింద వాచ్‌మన్ కాడ నా నీళ్ళ సీసా ఉన్నది. మీరు తాగుండ్రి. తలుపు బాది బాది అలిసిపోయిండ్రు."