ఎనిమిది నెలల ఆలస్యం

"నువ్వు ఈపొద్దు క్యాసంబళ్ళికి పోవద్దు" అంటూ అంబుజమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది.

కుముద చెప్పులు తొడుక్కుంటూనే ఉంది. "మాట ఇచ్చేసినానమ్మా. సంఘం ఆడోళ్ళు అరవై మంది వస్తారంట."

"ఆదివారం ముళబాగిలోళ్ళు నిన్ను చూసుకోను వస్తా ఉండారు. క్యాసంబళ్ళిలో వాళ్ళ చుట్టాలుండారు. నీ జబ్బు సంగతంతా అందరి ముందరా చెప్తే ఇంగ యాడ సంబంధం?"

"వాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పేసినా. ఆలోచించుకోని చెప్తామన్నారు."

అంబుజమ్మ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "నేనూ వస్తా" అంది.

కుముద రాబర్ట్‌సన్‌పేటలో ఒక బడిలో లెక్కల టీచరు. ఇరవై తొమ్మిదేళ్ళు. సెలవు దొరికినప్పుడల్లా ఇలా ఊళ్ళకు వెళ్ళి మాట్లాడటం ఏడాదిగా చేస్తోంది. తల్లి వెంట రావడం ఇదే మొదలు. బస్సు దిగే ముందు అంబుజమ్మ అడిగింది.

"ఇంట్లోవాళ్ళ గురించి ఏం చెప్తావు?"

"ఎప్పుడూ చెప్పేదేనమ్మా."

క్యాసంబళ్ళిలో మహిళా సంఘం హాలు నిండిపోయింది. అంబుజమ్మ వెళ్ళి చివరి వరుసలో కూర్చుంది. కుముద మైకు తీసుకుని నేరుగా మొదలుపెట్టింది.

"నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు దొడ్డికి పోతే రక్తం పడింది."

ముందు వరుసలో ఇద్దరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. కుముద వాళ్ళ నవ్వు ఆగేదాకా ఉండి మళ్ళీ అందుకుంది.

"మొలలు అనుకున్నా. ఎనిమిది నెలలు అట్లే ఉండిపోయినా. పది కిలోలు తగ్గినా. ఒకదినం బోర్డు మీద లెక్క రాస్తా రాస్తా కళ్ళు తిరిగి పడిపోతే, తోటి టీచర్లే ఆసుపత్రికి తీసుకుపోయినారు. గొట్టం వేసి చూసి, పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉండాదన్నారు. అడుగు పొడుగు పేగు కోసి తీసేసినారు. ఆర్నెల్లు కీమో ఎక్కించినారు. ముందే వచ్చింటే ఇంత దూరం పొయ్యేది కాదన్నాడు డాక్టరు."

ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. టమోటా తోటల్లో కూలికి వెళ్ళే మునివెంకటమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"నాకూ మూడు నెలలుగా రక్తం పడతా ఉండాది టీచరమ్మా. నాటుమందు మింగుతా ఉండా. మా ఇంటాయనకి గూడా చెప్పలేదు."

"రేపే ఆసుపత్రికి పోదామక్కా. నేను సెలవు పెట్టి వస్తా. మొలలే కావచ్చు. అయితే ఆ మాట డాక్టరు చూసి చెప్పాల, మనం అనుకుంటే చాలదు."

మునివెంకటమ్మ తల ఊపింది కానీ కూర్చోలేదు.

"నేనంటే చదువు లేనిదాన్ని. నువ్వు చదువుకున్నదానివి గదమ్మా. ఎనిమిది నెలలు కన్నతల్లికైనా చెప్పుకోలేదా?"

హాలంతా కుముద వైపు చూసింది. ఆమె మైకును ఒక చేతిలో నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"సిగ్గుపడినా అక్కా. ఎవురికీ చెప్పలేదు. తప్పు నాదే. మీరు ఆ తప్పు చెయ్యొద్దనే వచ్చినా."

చివరి వరుసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. అంబుజమ్మ లేచి నిలబడింది. ఆమె మాట ముందు వరుస దాకా వినిపించింది.

"అది అబద్ధం చెప్తా ఉండాది. రక్తం పడిన మొదటి దినమే వచ్చి నాకు చెప్పింది. పెండ్లి కావాల్సిన పిల్లవి, బయట ఎవురికీ చెప్పొద్దని దాని నోరు మూయించింది నేనే."