ఈక లాంటి వాన కోటు

దగ్గరికి జరుగు బిడ్డా. మీ తాత లేనప్పుడే ఈ ముచ్చట చెప్పాలి.

వాగు పక్కన గొర్రెలు మేపుతుంటే వాన అందుకుంది. మీ తాత తన బరువు గొంగడిని నా చేతిలో పెట్టి, భువనగిరి అంగడిలో కొన్న ప్లాస్టిక్ కోటు తొడుక్కున్నాడు.

"సూడే బీరమ్మా, ఈక లెక్కున్నది! ఒక్క సుక్క దిగది."

కోటు గరగరలాడింది. మంద బెదిరి, పొంగుతున్న వాగు వైపు ఉరికింది.

"నేనే! నేనే!" అని అరుస్తూ ఆయన వెంటపడితే అవి ఇంకా ఉరికాయి.

"ఉరకకు! నిన్ను జూసే బెదురుతున్నయి!" అంటూ నేను గొంగడి కప్పుకుని వాగు ముందు మందకు అడ్డంగా నిలబడ్డాను.

పొట్టేలు ఆగి గొంగడి వాసన చూసింది. మంద మొత్తం నా చుట్టూ చేరింది.

"ఇరవై ఏండ్ల సంది మేపుతున్న. నన్ను గుర్తువట్టయా?"

"నీ మొకం ఎప్పుడు జూసినయయ్యా? గీ గొంగడినే జూసినయి."

ఆయన కాసేపు గొర్రెల వంక చూశాడు. కోటు విప్పేసి, "జర జరుగవే," అంటూ నా పక్కన గొంగడిలోకి దూరాడు. పెళ్లయ్యాక ఆయన నన్ను జాగా అడగడం అదే మొదలు.

ఇంటికొచ్చాక కోటును వాకిట్లోని పిడకల మీద కప్పాం. నిజమే, ఒక్క చుక్క దిగలేదు.

గుర్తుపెట్టుకో బిడ్డా. ఎవరైనా వాన కోటు కొంటామంటే ఈ ముచ్చట చెప్పి, ముందు గొర్రెలకు చూపించమను.