రోజుకి పది మాటలు

“ఆపవోయ్,” అన్నాడు పెద్దాయన.

మెకానిక్కు రిమోట్ నొక్కాడు. తెరమీద నల్లకోటు లాయరమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది.

“ఇప్పుడేమందావిడ?”

“విట్‌నెస్, బాబాయిగారూ. సాక్షి అని.”

పెద్దాయన ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి, ఎడంచేత్తో నోటుపుస్తకంలో ఎక్కించాడు. అక్షరాలు సిరాలో పడిలేచిన చీమల్లా పాకాయి. పక్షవాతం వచ్చి లేచిన మనిషి. కాళ్లు తేరుకున్నాయి గానీ కుడిచెయ్యి ఇంకా అరువు తెచ్చుకున్న వస్తువులా ఒళ్లోనే పడి ఉంటుంది. నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు. తెలుగులో ఆయనతో వాదించి నెగ్గినవాడు ఆ వీధిలో లేడు.

మెకానిక్కు పై గదిలో అద్దెకు దిగి నెల కాలేదు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పన్నెండేళ్ల అనుభవం, పనిలో వేలెత్తి చూపే పని లేదు. సూపర్‌వైజరు ఇంటర్వ్యూ మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. రెండుసార్లు తప్పాడు. మూడోదే ఆఖరిదని కంపెనీ రూలు. అదీ పోతే జన్మంతా లిఫ్టు నడిచే చీకటి గొట్టంలో గ్రీజు పూసుకుని వేలాడటమే.

ఇంగ్లీషు సీరియళ్లు చూడు, కింద అక్షరాలు పడతాయి, మాటలు వాటంతటవే అంటుకుంటాయి అని తోటివాడెవడో చెప్పాడు. గదిలో టీవీ లేదు. మొహమాటపడుతూ కిందికి దిగి అడిగితే పెద్దాయన ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు.

“చూద్దువుగాని. నాకూ నేర్పుతావా?”

బట్టలు మడతపెడుతున్న ఇంటావిడ చేతిలో తువ్వాలుతోనే చటుక్కున లోపలికి వెళ్లిపోయింది. తను రోజూ రావడం ఆవిడకి ఇష్టం లేదేమోనని మెకానిక్కు నొచ్చుకున్నాడు.

మొదటిరోజే సంగతి అర్థమైంది. తలుపుని ఇంగ్లీషులో ఏమంటారో ఆయనకి తెలియదు. ఏబీసీడీల దగ్గర్నుంచి దిద్దించాల్సి వచ్చింది. పాపం, బడి మొహం చూసినవాడు కాదనుకున్నాడు మెకానిక్కు.

పద్ధతి మాత్రం పెద్దాయనదే. రోజుకి పది మాటలు. పొద్దుగూకేలోగా ఒక్కోదాన్ని ఐదుసార్లు వాడి తీరాలి. సీరియల్ కోర్టుది కావడంతో ఇల్లు కోర్టయి కూర్చుంది. ఇంటావిడ మాత్రలు తెస్తే పెద్దాయన అబ్జెక్షన్ అనేవాడు. కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడు గొంతు పెంచితే ఇద్దరూ కలిసి సైలెన్స్ అన్నారు. మెకానిక్కయితే అలవాటులో పెద్ద ఇంజనీరుని యువరానర్ అని పిలిచి షెడ్డంతా నవ్వించాడు.

“ఈ కోర్టుకి జడ్జిని నేను,” అంది ఇంటావిడ. “ముందు మందులు మింగండి. వాదనలు తర్వాత.”

మొదటి రెండు వారాలూ చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే అయింది. పొద్దున వచ్చింది సాయంత్రానికి ఉండేది కాదు. ఒకరోజు ఆయన పుస్తకం విసిరికొట్టాడు. మర్నాడు మెకానిక్కు దిగేసరికి తనే దాన్ని దులిపి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మూడోవారం మాటలు నిలిచాయి. ఐదోవారం వాక్యాలయ్యాయి. ఆరోవారం ఒకరోజు ఆయన మాటల మధ్యలో ‘రిలక్టెంట్’ అన్నాడు. ఆ మాట సీరియల్లో ఎక్కడా రాలేదు. మెకానిక్కు ఫోన్లో వెతికాడు. ఇష్టం లేకుండా చేసేవాడని అర్థం. సరిగ్గా అతికింది.

“ఇదెక్కడ విన్నారు బాబాయిగారూ?”

“ఏమోనోయ్. నోట్లోకి వచ్చి నిలబడింది.”

ఆ తర్వాత రోజుకి వందేసి మాటలు వచ్చాయి. నేర్పేవాడు ఎవరో నేర్చుకునేవాడు ఎవరో తెలియకుండా పోయింది. పన్నెండో తరగతి వరకూ ఇంగ్లీషు చదివిన తను ఎక్కడున్నాడు, ఈ వయసులో ఓనమాలు దిద్దిన ఈ మనిషి ఎక్కడున్నాడు?

ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం పెద్దాయన అతన్ని ఎదురుగా నిలబెట్టాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల మనుషులున్నారు, ఏం చేస్తావని ఇంగ్లీషులోనే అడిగాడు. మెకానిక్కు బట్టీపట్టింది గడగడా అప్పజెప్పాడు.

“మళ్లీ చెప్పు. భయపడాల్సింది నువ్వు కాదు, లోపలున్నవాళ్లు. వాళ్లకి ధైర్యం చెబుతున్నట్టు చెప్పు.”

పదకొండుసార్లు చెప్పించాడు. పన్నెండోసారి తనే అందుకున్నాడు. లిఫ్టులో ఇరుక్కున్న ఒక తల్లి ఏమనుకుంటుంది, ఆమెకి పైనుంచి వినబడే గొంతు ఎలా ఉండాలి అని ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. ఎక్కడా తడుముకోలేదు. వాక్యం మీద వాక్యం, మెట్టు మీద మెట్టులా లేచింది. మెకానిక్కు తెలియకుండానే టీవీ వైపు చూశాడు. అది ఆపేసి ఉంది. గుమ్మంలో ఇంటావిడ తలుపు పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

మర్నాడు ముగ్గురు ఆఫీసర్ల ముందు అతనికి ఆఫీసర్లు కనిపించలేదు. ఆగిన లిఫ్టులో మనుషులే కనిపించారు. వాళ్లకి ధైర్యం చెప్పి బయటికొచ్చాడు. మధ్యాహ్నానికి సూపర్‌వైజరుగా వేసినట్టు ఉత్తరం చేతికొచ్చింది.

పరుగున ఇంటికొస్తే పెద్దాయన నిద్రపోతున్నాడు. ఇంటావిడ ఉత్తరం కళ్లకద్దుకుంది.

“పిన్నిగారూ, నేను నేర్పానని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది,” అన్నాడు మెకానిక్కు. “అక్షరమ్ముక్క రాని మనిషి రెండు నెలల్లో ఇలా మాట్లాడటం నేనెక్కడా చూడలేదు.”

“నువ్వే నేర్పావు బాబూ. డాక్టర్లయితే ఇక రాదనేశారు.” ఆవిడ గొంతు తగ్గించింది. “చెబితే నువ్వు జంకి నేర్పవని, నాచేత ఒట్టేయించుకున్నారు. ఆ జబ్బు ఆయన చెయ్యొక్కటే తీసుకోలేదు.”

“ఇంకేం తీసుకుంది?”

“ముప్పై రెండేళ్లు ఆయన ఇంగ్లీషు మాస్టారు.”