కరవడానికి ముందు

“ఇంట్లో ఇన్ని గ్లాసులుండగా పిల్లదాని ఆకుపచ్చ గ్లాసే దొరికిందా మీకు?”

“నీళ్లకు రంగేమిటే!” అంటూ భర్త గటగటా తాగేశాడు. పక్కనే కూర్చున్న తొమ్మిదేళ్ల కూతురు వంగి అతని చెయ్యి కరిచింది.

“చూశావా! పిల్లని మాన్పించమని స్కూలువాళ్లు ఊరికే అంటారా? అన్నం తినగానే ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తా. రేపటినుంచి బడి మానేసి ఇంట్లోనే ఉంటుంది.”

ప్రత్యేక పిల్లల బడి నుంచి కాగితంతో పాటు ప్రవర్తన పుస్తకం కూడా వచ్చింది. ఆమె లేచి చెయ్యి కడుక్కుని, దాన్ని అతని ముందుకు తోసింది.

“చదవండి.”

“కరిచింది. గోకింది. కుర్చీ విసిరింది...”

“దాని పక్క గడి?”

“‘అంతకు ముందు ఏం జరిగింది’.” అతను పేజీలు తిప్పాడు. “ఏమీ రాయలేదే.”

“మాట రాని పిల్ల మీద ఇరవై మూడు నేరాలు రాయడానికి చేతులొచ్చాయి గానీ, ఈ ఒక్క ముక్క రాయడానికి రాలేదు వాళ్లకు! ఇవాళ్టిది మీరు రాయండి.”

“ఏముంది? ఉన్నట్టుండి కరిచింది.”

“గ్లాసు కోసం మీ చెయ్యి మూడుసార్లు తట్టింది. మీరు ఫోను చూసుకుంటున్నారు.”

అతను పళ్ల గాట్లు చూసుకున్నాడు. లేచి గ్లాసు కడిగి, నీళ్లు నింపి కూతురి ముందు పెట్టాడు. పిల్ల తాగి, బుద్ధిగా అన్నం తినసాగింది.

ఆమె కోపం మాత్రం దిగలేదు.

“సంతకం లేదు, గింతకం లేదు. రేపు ఆ తరగతిలో వెనక బల్ల మీద కూర్చుంటాను. ఆ గడి నిండేదాకా లేవను.”

“రానివ్వకపోతే?”

“మూడుసార్లు మర్యాదగా అడుగుతాను. అప్పటికీ వినకపోతే, నేనూ కరుస్తాను.”