నేలమాళిగలో కాఫీ

గోధుమ బస్తా చిరిగింది.

లవార్ నీల్సన్ వాకిట్లో గింజలు జలజలా రాలాయి. ముసలాయన వంగి, దోసిళ్ళతో బకెట్లోకి ఎత్తుకుంటున్నాడు.

పక్కింటి డెనీజ్ కాఫీ కప్పుతో కంచె దగ్గరికి వచ్చింది. ఆమె కుక్క రస్టీ కాళ్ళ దగ్గర కూలబడింది. అమెరికాలో, యూటాలోని ఆ వీధిలో అందరూ కరువుకని తిండి దాచుకునే మోర్మన్ మతం వాళ్ళే; కానిది డెనీజ్ వాళ్ళ ఇల్లొక్కటే.

“ఏం పెద్దాయనా, ప్రళయం ఎప్పుడో కబురొచ్చిందా?”

“రాలేదమ్మాయ్. వచ్చాక కొందామంటే కొట్లు కట్టేస్తారుగా!”

“మా ఇంట్లో రెండో ఉప్పు పొట్లం కూడా ఉండదు. ఏమన్నా వస్తే తిన్నగా మీ ఇంటికే వచ్చేస్తాం.”

వీధిలో అందరితోనూ ఆమె ఆ మాటే అనేది. అందరూ నవ్వేసేవారు.

లవార్ నవ్వలేదు. గింజలు ఎత్తడం ఆపి ఆమె వంక చూశాడు.

“కుక్క కూడానా?”

“అది లేకుండా నేను కదులుతానా? కాకపోతే దానికి పళ్ళు లేవు. మీ గోధుమలు నమలలేదు పాపం!”

“సరే, రండి,” అని బకెట్ తీసుకుని నేలమాళిగ మెట్లు దిగిపోయాడు.

చలి తగ్గేసరికి ఎదురింటి అడెల్ కొత్త సంగతి మోసుకొచ్చింది.

“విన్నావా డెనీజ్? పక్క ఊరి కొట్లో మన లవార్ బండి నిండా కాఫీ డబ్బాలు! నా కళ్ళతో నేనే చూశాను.”

వాళ్ళ మతంలో కాఫీ ముట్టరు. పైగా ఇంటింటికీ తిరిగి, కరువుకు ఏమేం దాచుకోవాలో నేర్పింది ఆయనే.

డెనీజ్ పకపకా నవ్వింది.

“నాకెప్పుడో అనుమానం! ఓ రోజు మా చెత్త తొట్టిలోంచి కాఫీ డబ్బా తీసి తిప్పి తిప్పి చూస్తున్నాడు. వాసనకే ఆగలేకపోయాడు కాబోలు.”

సరదాగా అన్న మాటే. ఆదివారానికల్లా ఊరంతా తిరిగింది.

లవార్ మనవరాలి పెళ్ళి దగ్గరపడింది. కూతురు మర్లీన్ వచ్చి తండ్రితో గొడవపడటం కంచె ఇవతలికి వినిపించింది.

“నాన్నా, ఆ డబ్బాలు పారెయ్. పెళ్ళివారి ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను.”

“నేను తాగను తల్లీ.”

“తాగనివాడివి, అవెందుకు?”

బకెట్ ఎత్తిన చప్పుడైంది.

“అవి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నిన్ను పెళ్ళికి గుడి లోపలికి రమ్మని నేను పిలవలేను.”

“పోనీలే. పారెయ్యను.”

మోర్మన్ల పెళ్ళి గుడి లోపల జరుగుతుంది. బయటివాళ్ళకి ప్రవేశం లేదు. పిలుపు అందుకున్న డెనీజ్ గుడి తోటలో బల్ల మీద కూర్చుంది. కాసేపటికి లవార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. కొత్త కోటు, జేబులో పువ్వు.

“అయ్యో, మీరూ బయటేనా?”

“అందరి కళ్ళూ పెళ్ళికూతురి మీద ఉండాలి గానీ, నా మీదెందుకు?”

“ఒక్క కప్పు కాఫీ ఎంత పని చేసింది పెద్దాయనా! దాక్కుని తాగడం దేనికి? రేపట్నుంచి మా ఇంటికొచ్చెయ్యండి.”

ఆయన బిగ్గరగా నవ్వాడు.

“వద్దమ్మాయ్. ఆ వాసనకే నాకు తలనొప్పి.”

డెనీజ్ నమ్మినట్టు తల ఊపి కన్ను గీటింది.

గుడి తలుపులు తెరుచుకున్నాయి. పెళ్ళికూతురు మెట్లు దిగి తిన్నగా తాత దగ్గరికే వచ్చింది. వెనకే వచ్చిన మర్లీన్ మొహం తిప్పుకుంది.

మళ్ళీ మంచు పడకముందే లవార్ పోయాడు.

చావింటి భోజనాలు అయ్యాక ఆడవాళ్ళు నేలమాళిగ ఖాళీ చేయడానికి దిగారు. డెనీజ్ కూడా సాయం వచ్చింది. గోధుమలు ఒకరికి, చిక్కుళ్ళు ఒకరికి. పంపకం ఆఖరి అర దాకా వచ్చి ఆగింది.

“ఇవి నీకే పనికొస్తాయి,” అని అడెల్ ఒక డబ్బాని రెండు వేళ్ళతో పట్టుకుని అందించింది.

డెనీజ్ అందుకుంది. చికోరీ కలిపిన చేదు కాఫీ. ఆ వీధిలో అది తాగేది తనొక్కతే. అర దగ్గరికి వెళ్ళి ఒక్కో డబ్బా తిప్పి చూసింది. ఒక్కదాని మూతా తీసి లేదు.

మర్లీన్ అర లోపలికి చెయ్యి పెట్టి ఇంకో వరస బయటికి లాగింది.

“ఇదేం చోద్యం! కుక్క తిండి! నాన్నకి కుక్క దగ్గరికొస్తేనే తుమ్ములు.”

డబ్బా మీద రాసి ఉంది: పళ్ళు లేని ముసలి కుక్కలకు.

పైన వాకిట్లో రస్టీ మొరిగింది.

“మాలో ఎవరం కాఫీ తాగం. కుక్కా లేదు. ఎవరి కోసం దాచాడివన్నీ?” అంది మర్లీన్.

డెనీజ్ మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆడవాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు.

“ఏమన్నా వస్తే మీ ఇంటికే వచ్చేస్తామని అన్నాను,” అంది మెల్లగా. “ఆయన నమ్మాడు.”