అల్ రయ్యాన్‌లో గావుకేక

"దయ్యమే బాబూ! ముమ్మాటికీ దయ్యమే!" సుసన్న ప్రార్థన నూనె సీసా పట్టుకుని వెనక గది వైపు నడిచింది.

"కాదు అత్తయ్యగారూ! అది పాట!" జేమ్స్ పరిగెత్తుకొచ్చి తలుపుకి అడ్డం పడ్డాడు.

లోపల్నుంచి గావుకేక వినిపించింది. ఖతార్‌లోని అల్ రయ్యాన్‌లో జేమ్స్ ఉంటున్న విల్లా కిటికీలు దడదడలాడాయి.

"పాటంటారేంటి? మా భీమవరంలో దయ్యం పట్టినోళ్లు కూడా ఇంత ఇదిగా అరవరు!"

అరుస్తున్నవాడు ఎరిక్. స్వీడన్‌లో ఓ చిన్న ఊరి బ్యాండుకు గాయకుడు. గొంతు చించుకోవడమే వాళ్ల సంగీతం. పదేళ్లుగా చించుకుంటున్నా పొరుగూరు కూడా పట్టించుకోలేదు. లుసైల్ నగరంలో జరిగే సంగీత ఉత్సవంలో ఛాన్సు ఇప్పిస్తానని వాళ్లను ఖతార్ రప్పించినవాడు జేమ్సే. ఉత్సవం ఆఫీసర్ ఫర్హా మేడమ్ కాసేపట్లో పాట వినడానికి వస్తోంది. ఆవిడ కాదంటే బ్యాండు మూసేసి ఎవరి దారి వాళ్లు చూసుకోవాలని నలుగురూ ఒట్టేసుకున్నారు.

"దణ్ణం పెడతాను. ఈ ఒక్క గంటా ఓర్చుకోండి!"

"ఎవరో కన్నబిడ్డ అలా విలవిల్లాడిపోతుంటే ఓర్చుకోమంటారా?" సుసన్న అల్లుణ్ణి పక్కకు నెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఎరిక్ మోకాళ్ల మీద పడి, కళ్లు మూసుకుని, ఊగిపోతూ అరుస్తున్నాడు. సుసన్నకు ఇక అనుమానం లేదు. అతని నెత్తిన నూనె గుమ్మరించి చెయ్యి వేసింది.

"యేసు నామంలో పో! వదిలి పో!"

మైకు సరిగ్గా ఆమె నోటి దగ్గరే ఉంది. నూనె కళ్లలోకి కారి ఎరిక్ అరుపు మానేసి బొటబొటా కన్నీళ్లు కార్చాడు. మిగతా ముగ్గురూ మాత్రం వాయింపు ఆపలేదు. మిన్ను విరిగి మీద పడ్డా పాట మధ్యలో ఆగకూడదన్నది వాళ్ల నియమం. డ్రమ్ము దెబ్బకో "పో!" చొప్పున సుసన్న ఊపందుకుంది.

జేమ్స్ చేతులు పిసుక్కుంటూ నిలబడ్డాడు. ప్రార్థన మధ్యలో అత్తగారి నోరు మూయించిన అల్లుడు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

వెనక అలికిడైంది. గుమ్మంలో ఫర్హా మేడమ్! ఎప్పుడొచ్చిందో, నోరు తెరుచుకుని చూస్తోంది.  పదేళ్ల బ్యాండు తన ఇంట్లోనే మట్టిగొట్టుకుపోయిందనుకున్నాడు జేమ్స్.

ఆఖరి డ్రమ్ము దెబ్బ పడింది. "ఆమెన్" అంది సుసన్న, చెమట తుడుచుకుంటూ.

"సారీ మేడమ్... అసలేం జరిగిందంటే..."

"సారీ ఎందుకు? ఖలాస్, ఖాయమైపోయింది! శుక్రవారం స్టేజి మీదే!"

జేమ్స్ తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. "నిజంగానా మేడమ్?"

"నిజంగానే. పెద్దావిడ బ్రహ్మాండంగా పాడుతున్నారు. కాకపోతే, ముందు కూర్చుని ఏడుస్తున్న ఆ కుర్రాణ్ణి మాత్రం బ్యాండులోంచి తీసెయ్యండి!"